చుక్కలు ముందు, గీతలు తర్వాత

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో ప్రెస్సులు నడిపేవాళ్లు, డీటీపీ చేసేవాళ్లు ఉన్నారు. వెనక ఇంజనీరింగ్ పిల్లలు ఉన్నారు. నేను ఈ రెండింటికీ మధ్యవాణ్ని. నేను ఇమేజ్ ప్రాసెసింగ్ ప్రోగ్రాములు రాస్తాను, మా నాన్నగారు పాతికేళ్లు ట్రెడిల్ ప్రెస్సు నడిపారు. అందుకని సమీకరణాల జోలికి వెళ్లకుండా ఒక శుభలేఖతో మొదలుపెడతాను.

మా చెల్లెలి పెళ్లి కార్డు అది. మెరూన్ రంగు అట్ట, బంగారు ఫాయిల్ అక్షరాలు. ఫంక్షన్ హాలుకి దారి చూపించడానికి కింద క్యూఆర్ కోడ్, అది కూడా ఫాయిల్‌లోనే. కోడ్ నడుమ బుజ్జి వినాయకుడు. చుట్టూ ఆనుకుని మామిడాకుల తోరణం బోర్డరు. చూడముచ్చటగా ఉంది. ఒక్క ఫోనూ చదవలేదు. ప్రూఫు వాట్సాప్‌లో వస్తే, కంప్యూటర్ స్క్రీన్ మీద పెట్టి స్కాన్ చేసి "ఓకే" అన్నది నేనే. "నువ్వు చేసే ఉద్యోగం ఇదే కదరా, ఇది కూడా చూసుకోలేదా?" అని మా బాబాయి అందరి ముందూ అడిగాడు. ఏం చెప్పను?

స్క్రీన్ మీద చదివింది కాగితం మీద ఎందుకు చదవలేదు? ఇవాళ్టి నా మాటలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే. తెర మీద బొమ్మ ఉన్నది ఉన్నట్టుగా ఉంటుంది. కాగితం మీదికి వచ్చాక ఇంకు పాకుతుంది, కాగితం వంగుతుంది, మెరుస్తుంది, కెమెరా ఏటవాలుగా చూస్తుంది. ఇవన్నీ జరుగుతాయని ముందే ఊహించి గీసిన బొమ్మ క్యూఆర్ కోడ్.

1994లో జపాన్‌లో డెన్సో సంస్థలో మసాహిరో హారా బృందం దీన్ని తయారుచేసింది. కారు విడిభాగాల పెట్టెల మీద ఒక్కో దానికి అరడజనుకు పైగా బార్‌కోడ్‌లు అంటించి, ఒక్కొక్కటీ స్కాన్ చేయలేక పనివాళ్లు విసిగిపోతున్న రోజులు. ఎక్కువ సమాచారం పట్టించడం పెద్ద చిక్కు కాలేదు. పక్కన ఉన్న మిగతా అచ్చులో నుంచి కోడ్ ఎక్కడుందో స్కానర్ వెంటనే పట్టుకోవాలి, అదీ అసలు చిక్కు. మామూలు అచ్చులో అరుదుగా కనబడే నలుపు తెలుపుల వరస ఏదా అని వాళ్లు పత్రికలు, కరపత్రాలు, అట్టపెట్టెల మీది అచ్చు అన్నీ వెతికారట. చివరికి తేలింది 1:1:3:1:1. నలుపు ఒకటి, తెలుపు ఒకటి, నలుపు మూడు, తెలుపు ఒకటి, నలుపు ఒకటి. కోడ్ మూడు మూలల్లో కనబడే పెద్ద చతురస్రాలు అవే. ఒకదానిలో ఒకటి ఒదిగిన చతురస్రాలు కదా, వాటి నడిబొడ్డు గుండా ఏ వాలులో గీత గీసినా అదే నిష్పత్తి వస్తుంది. అందుకే ఫోను తలకిందులుగా పట్టుకున్నా పనిచేస్తుంది. ఇంత చిన్న విషయానికి అంత వెతుకులాట చేసిన మనుషులంటే నాకు ఇంజనీర్లుగా కంటే అచ్చు తెలిసినవాళ్లుగా ఎక్కువ గౌరవం.

ఇప్పుడు ఒక లెక్క చెబుతాను. అన్నిటికంటే చిన్న క్యూఆర్ కోడ్ 21 గళ్ల పొడవు, 21 గళ్ల వెడల్పు. మొత్తం 441 గళ్లు. మూడు మూలల చతురస్రాలు, వాటి పక్క తెల్ల గీత కలిపి 192 గళ్లు తింటాయి. గళ్ల వెడల్పు కొలవడానికి ఒకటి విడిచి ఒకటి నలుపు తెలుపుగా వెళ్లే చుక్కల వరసలు, ఈ కోడ్ ఏ రకమో చెప్పే గళ్లు కలిపి ఇంకో 41. మిగిలింది 208. అందులోనూ కొంత చెరిగినా చదివేలా గట్టి రక్షణ పెట్టుకుంటే 136 గళ్లు తప్పులు దిద్దడానికే పోతాయి. అసలు కబురుకు దక్కేది 72 గళ్లు. అంటే ఆరో వంతు కూడా లేదు!

మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు ఇదేం దుబారా అనుకున్నాను. తర్వాత మా అమ్మ ముగ్గు వేస్తుంటే అర్థమైంది. చుక్కలు సరిగ్గా పడితే గీత ఎక్కడ తప్పినా చూసినవాళ్లకు తెలిసిపోతుంది. చుక్కలే తప్పితే గీత ఎంత బాగున్నా అది ముగ్గు కాదు.

సరే, వంకర దిద్దడం. ఫోను ఏటవాలుగా పట్టుకుంటే చతురస్రం కాస్తా దగ్గరి వైపు పెద్దగా, దూరపు వైపు చిన్నగా సాగిన నాలుగు పలకల ఆకారం అవుతుంది. దాన్ని తిరిగి చతురస్రం చేసే లెక్కలో తెలియని సంఖ్యలు ఎనిమిది. బొమ్మలో ఒక బిందువు ఖచ్చితంగా దొరికితే రెండు సమీకరణాలు వస్తాయి. మూడు మూలలకు ఆరు. ఇంకో బిందువు కావాలి. నాలుగో మూల దగ్గర కాస్త లోపలికి ఉండే చిన్న చతురస్రం ఉంది చూశారా, అది అందుకే. చిన్న కోడ్‌లో అది ఉండదు, 25 గళ్ల సైజు నుంచి మొదలవుతుంది. 177 గళ్ల అతి పెద్ద కోడ్‌లో అలాంటివి 46 ఉంటాయి. ఎందుకన్ని? కాగితం నలిగినప్పుడు ఒక్క సమీకరణం మొత్తానికీ సరిపోదు. సీసా చుట్టూ అంటించిన లేబుల్‌ను ముక్కలు ముక్కలుగా దిద్దుకోవాలి, ప్రతి ముక్కకీ దగ్గరలో ఒక గుర్తు ఉండాలి.

కాగితాన్ని గాజు మీద పరిచే ఫ్లాట్‌బెడ్ స్కానర్‌ది వేరే వంకర. అది బొమ్మను ఒక్కసారిగా చూడదు, ఒక్కో వరస చూస్తూ జరుగుతుంది. వెడల్పు లెన్సు చేతిలో, పొడవు మోటారు చేతిలో. కాగితాన్ని లోపలికి లాక్కునే ఇంకో రకం స్కానరైతే రోలరు జారిన చోట బొమ్మ సాగుతుంది. ఏటవాలు లెక్క దీన్ని దిద్దలేదు, ఎందుకంటే సాగుడు ఒక్కో చోట ఒక్కో రకం. అప్పుడు ఆదుకునేది ఇందాక చెప్పిన ఒకటి విడిచి ఒకటి చుక్కల వరసే. అది ఒక రకంగా స్కేలు బద్ద. స్కేలే సాగిందంటే ఎంత సాగిందో దాని మీదే కనబడుతుంది.

ఇంకు పాకడం గురించి ముందు వరసవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. న్యూస్‌ప్రింట్ మీద నల్ల గడి ఉబ్బుతుంది, తెల్ల గడి నలుగుతుంది. చదివే ప్రోగ్రాము గడి అంచును నమ్మదు, నడిమధ్యన ఏ రంగుందో చూస్తుంది. అందుకని కొంచెం ఉబ్బినా పరవాలేదు. గడే అర మిల్లీమీటరు ఉంటే మాత్రం ఆ కొంచెమే చాలా ఎక్కువ.

ఇక తప్పులు దిద్దడం. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సోలమన్ అనే ఇద్దరు గణితవేత్తలు కనిపెట్టిన పద్ధతి. పాటల సీడీల మీద గీతలు పడినా పాట ఆగకపోవడానికీ ఇదే కారణం. రెండు బిందువులుంటే ఒక సరళరేఖ గీయవచ్చు. నేను మీకు రెండు కాకుండా అదే రేఖ మీది ఆరు బిందువులు ఇచ్చాననుకోండి. ఒకటి చెరిగి పక్కకు పోతే, మిగతా ఐదూ ఒక వరసలో ఉంటాయి కాబట్టి దొంగ ఎవరో దొరికిపోతాడు. ఎనిమిది గళ్లు కలిపి ఒక బైటు. అందులో ఒక్క గడి పాడైనా, ఎనిమిదీ పాడైనా ఒక తప్పు కిందే లెక్క. పచ్చడి మరక ఎప్పుడూ ఒకే చోట ముద్దగా పడుతుంది కాబట్టి ఈ లెక్క మనకు అనుకూలం. తక్కువ రక్షణలో 7 శాతం, ఎక్కువ రక్షణలో 30 శాతం దాకా నష్టాన్ని తట్టుకుంటుంది.

ఇదంతా బాహాటంగా కనబడే కోడ్. కనబడకుండా దాచేవీ ఉన్నాయి. అమెరికాలో పాలో ఆల్టో అనే ఊళ్లోని జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం డేటాగ్లిఫ్ అని ఒకటి చేసింది. బొమ్మను చుక్కలతో కాకుండా సన్నని ఏటవాలు గీతలతో అచ్చువేస్తారు. ఒక వైపు వాలితే సున్నా, ఇంకో వైపు వాలితే ఒకటి. గీత లావును బట్టి బొమ్మ, వాలును బట్టి సమాచారం. దూరం నుంచి చూస్తే బూడిదరంగు ఫోటోలా ఉంటుంది. నా దృష్టిలో ఇంత అందమైన ఆలోచన ఈ రంగంలో ఇంకోటి లేదు. ఎందుకో జనంలోకి వెళ్లలేదు.

జనానికి తెలియకుండా జనంలోకి వెళ్లింది ఇంకోటి ఉంది. చాలా కలర్ లేజర్ ప్రింటర్లు పేజీ నిండా లేత పసుపు చుక్కలు వేస్తాయి. ఒక్కోటి మిల్లీమీటరులో పదో వంతు. తెల్ల కాగితం మీద పసుపు మన కంటికి ఆనదు, నీలం వెలుతురులో నల్లగా తేలుతుంది. 2005లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే అమెరికా డిజిటల్ హక్కుల సంస్థ వాళ్లు ఒక జెరాక్స్ కంపెనీ ప్రింటరు చుక్కలను చదివేశారు. 15 నిలువు వరసలు, 8 అడ్డు వరసలు. అందులో ప్రింటరు సీరియల్ నంబరు, తేదీ, టైము. ఒక అడ్డు వరస, ఒక నిలువు వరస మిగతా చుక్కలు సరిగ్గా ఉన్నాయా అని సరిచూడటానికే. అదే చుక్కల గుంపు పేజీ అంతా మళ్లీ మళ్లీ వస్తుంది, చిరిగిన ముక్కలోనూ దొరుకుతుంది. దొంగనోట్లు ఆపడానికన్నారు. కొన్నవాడికి ముందుగా ఒక మాట చెప్పి ఉంటే ఎవరి సొమ్ము పోయేది?

శుభలేఖ దగ్గరికి వద్దాం. ఇప్పుడు తప్పులు మీరే చెప్పగలరు. కోడ్ చుట్టూ నాలుగు గళ్ల వెడల్పు ఖాళీ వదలాలి, మేం అక్కడ తోరణం కట్టాం. ముదురు మీద లేత రంగు, అంటే నలుపు తెలుపులు తారుమారు, కొన్ని ఫోన్లు అసలు చదవవు. ఫాయిల్ మీద ట్యూబ్‌లైటు పడితే కోడ్‌లో సగం అద్దం అయిపోతుంది. రక్షణ తక్కువలో తక్కువ పెట్టి వినాయకుణ్ని నడుమ కూర్చోబెట్టాం, ఉన్న 7 శాతమూ స్వామివారికే సరిపోయింది. పైగా మ్యాప్ లింకు 120 అక్షరాలు, దానికి 41 గళ్ల కోడ్, రెండు సెంటీమీటర్లలో ఇరికిస్తే గడికి అర మిల్లీమీటరు కూడా రాలేదు. ఫాయిల్ అచ్చులో ఆ సందులు పూడిపోయాయి.

పంచకుండా మిగిలిన కార్డుల మీద తెల్ల స్టిక్కర్లు అంటించాం. లింకును 30 అక్షరాలకు కుదించాను, 25 శాతం రక్షణ పెట్టినా 29 గళ్లలో సరిపోయింది. అదే సైజులో గడి 0.7 మిల్లీమీటర్లకు దగ్గరగా వచ్చింది. మామూలు నలుపు, చుట్టూ ఖాళీ. వినాయకుణ్ని పైకి, ఆయన ఉండాల్సిన చోటికి మార్చాం. ఈసారి ప్రూఫును కాగితం మీద తీసి, నలిపి, రెండుసార్లు జెరాక్స్ తీయించి, ఇంట్లో ఉన్న పాత ఫోనుతో చూశాను.

స్టిక్కర్ అందంగా లేదని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ కార్డు ఒకటి తెచ్చాను, పులిహోర మరక కూడా ఉంది. వెనక్కి పంపిస్తున్నాను, ఒక్కొక్కరు స్కాన్ చేసి పక్కవాళ్లకు ఇవ్వండి. ఎవరి ఫోనైనా చదవకపోతే చెయ్యెత్తండి, ప్రశ్నలు అక్కడి నుంచే మొదలుపెడదాం.