వానొస్తే గుర్తొచ్చే ఏరు

నమస్కారం. హైదరాబాద్ పాత వంతెన పురానాపూల్ మీద నిలబడి ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నవాళ్లని ఏమీ అనను. పొద్దున నేనూ అదే పని చేశాను. మూసీ నదిని మురికి నాలా అన్నా నాకు కోపం రాదు. ఏడాదిలో చాలా రోజులు ఇక్కడ పారేది మనం ఇళ్లల్లో వాడి వదిలేసిన నీళ్లే కదా.

పుట్టుక మాత్రం గొప్పది. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో. నిద్ర చెడగొట్టిన కాలయవనుణ్ని చూపుతోనే బూడిద చేసిన ముచుకుందుడు, ఆ తర్వాత ఎదుట నిలిచిన కృష్ణుడి పాదాలు కడిగాడట. ఆ నీళ్లే ముచుకుందా నది, అంటే ఈ మూసీ, అయ్యాయని అక్కడి కథ. ఇక హైదరాబాద్‌లోకి వస్తే మూసీకి, దాని ఉపనది ఈసీకి మూసా (మోషే), ఈసా (యేసు) అని ఇద్దరు ప్రవక్తల పేర్లు చెబుతారు. ఈసీ వచ్చి మూసీలో కలిసేది లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గరే.

ఈ వంతెన కథ మీకు తెలిసిందే. ప్రేయసి భాగమతి కోసం కులీ కుతుబ్‌షా వరదలో గుర్రాన్ని దూకించాడనీ, కొడుకు మీద బెంగతో తండ్రి ఇబ్రహీం వంతెన కట్టించాడనీ. వంతెన 1578 నాటిది. అప్పటికి కులీకి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు! గోల్కొండ బేరగాళ్లు ఏరు దాటడానికి కట్టారంటే ఎవరు వింటారు చెప్పండి?

1908 సెప్టెంబరు 28 సంగతి మాత్రం కథ కాదు. ఆ వరదకి దాదాపు 15,000 మంది పోయారని అంచనా. అప్పటి నిజాం మహబూబ్ అలీఖాన్ పంచె కట్టుకుని ఒడ్డుకొచ్చి, ఏటికి పట్టుచీర, పసుపు కుంకుమలు సమర్పించాడనీ, ఆపైనే నీళ్లు తీశాయనీ పాతబస్తీ పెద్దలు చెబుతారు. జరిగిందో లేదో గానీ, ముస్లిం రాజు చేత గంగమ్మకి చీర పెట్టించిన ఆ ఊహ ఈ ఊరిదే.

అసలు అంత నీరు ఎక్కడిది? మరుసటి ఏడాది వచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వానతో పాటు చెరువుల్నీ లెక్కపెట్టారు. ఎగువన 788 చెరువులుంటే వాటిలో 221కి గండ్లు పడ్డాయి. గొలుసుకట్టు చెరువుల సంగతి రైతుబిడ్డలకి చెప్పక్కర్లేదు. పై చెరువు అలుగు పోస్తే కిందిది నిండుతుంది. పైదానికి గండి పడితే కిందిదీ తెగుతుంది. అలా ఒకదాని వెనక ఒకటి తెగి ఊరి మీద పడ్డాయి. వరదని ఎగువనే ఆపాలన్నారాయన. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఆ తర్వాత ఇక్కడ నీళ్లు తగ్గాయి, ఇళ్లు ఏట్లోకి జరిగాయి.

ఆ రోజు ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో అది ఇంకా ఉంది. ఇప్పుడు అక్కడికే నడుద్దాం. మబ్బు పట్టింది, గొడుగులున్నవాళ్లు లేనివాళ్లని పక్కకి పిలుచుకోండి.