పాట నిలదీసినప్పుడు

నిర్వాహకురాలు: శ్రోతలందరికీ నమస్కారం. ఈ సంభాషణను నల్లగొండలో రికార్డు చేస్తున్నాము. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో ఒక శుక్రవారం సిలువ మార్గం ప్రార్థన ముగిసిన తరువాత మా గుడి ఆవరణలో యువతీయువకులు ఒక ఫోను చుట్టూ చేరి, శ్రీసభను, అంటే కతోలిక సంఘాన్ని, విమర్శించే ఒక ఇంగ్లిషు పాటను కతోలికులు వినవచ్చునా, వినకూడదా అని చాలాసేపు వాదించుకున్నారు. ఆ వాదన తెగలేదు. అందుకే మూడు దశాబ్దాలకు పైగా గానబృందాన్ని నడుపుతున్న మా విశ్రాంత తెలుగు అధ్యాపకులను పిలిచాను. సారూ, వినవచ్చునంటారా?

సారు: వినకుండానే తీర్పు చెప్పే అలవాటును నేను చాలా ఆలస్యంగా మానుకున్నాను, అమ్మా. 1992 అక్టోబరు 3న షినేడ్ ఓకానర్ అనే ఐర్లండు గాయని, అమెరికాలో ‘సాటర్డే నైట్ లైవ్’ అనే టీవీ కార్యక్రమంలో, బాబ్ మార్లీ పాట ఒకదానిని పిల్లల మీద జరిగే అత్యాచారాలను ప్రస్తావించేలా మాటలు మార్చి, వాద్యాలు లేకుండా పాడి, చివరలో పోప్ రెండవ జాన్ పాల్ ఫొటోను కెమెరా ముందే చింపివేసింది. విదేశం నుండి సెలవు మీద వచ్చిన ఒక కతోలిక గురువు (ఫాదర్) ఈ సంగతి చెప్పినప్పుడు, ఆమె ఏమి పాడిందని గాని, ఎందుకు పాడిందని గాని అడగాలని నాకు తోచలేదు. ఆమె సాతాను కూతురని మా గానబృందం పిల్లలకు చెప్పాను.

నిర్వాహకురాలు: ఆ రోజుల్లో అందరూ అలాగే అన్నారు కదా?

సారు: అన్నారు. సరిగ్గా వారానికి అదే కార్యక్రమంలో నటుడు జో పెషీ అతికించిన ఫొటోను పైకెత్తి చూపితే చప్పట్లు మోగాయి. న్యూయార్కులో ఆమె రికార్డులను రోడ్డు రోలరుతో తొక్కించారు. అక్టోబరు 16న బాబ్ డిలన్ గౌరవార్థం జరిగిన కచేరీలో ఆమె వేదిక ఎక్కగానే జనం కేకలు వేసి గోల చేశారు. షినేడ్ చింపిన ఆ ఫొటో, చిన్నతనంలో ఆమెను కొట్టి హింసించిన తల్లి ఇంటి గోడ మీదిదని, కౌమారంలో ఆమె మఠకన్యలు నడిపిన ఒక శిక్షణాలయంలో కొంతకాలం గడిపిందని నాకు తెలిసేసరికి నా తల నెరిసింది. గురువులు పిల్లల మీద చేసిన అత్యాచారాలను బయటపెట్టిన అమెరికా పత్రిక బోస్టన్ గ్లోబ్ కథనాలు వచ్చింది 2002లో. ఐర్లండులో రెండు పెద్ద విచారణ నివేదికలు వెలువడింది 2009లో. వాటిలో ఒకటి, కతోలిక సంఘాలు నడిపిన సంస్థల్లో పిల్లలు దశాబ్దాలపాటు పడిన హింసను నమోదు చేసింది. రెండవది, డబ్లిన్ అగ్రమేత్రాసనంలో, అంటే అక్కడి ఆర్చిబిషప్పు పాలనలోని ప్రాంతంలో, ఫిర్యాదులను ఎలా కప్పిపుచ్చారో చూపింది. విచారణ అనే మాటకు మన గుడిలో ఒక గురువు చూసుకునే విశ్వాసుల సమాజమని అర్థం, కోర్టులో దర్యాప్తు అని అర్థం ఉండడం ఈ సంగతి మాట్లాడిన ప్రతిసారీ నాకు గుచ్చుకుంటుంది. 2010 మార్చిలో పోప్ పదహారవ బెనెడిక్ట్ ఐర్లండు కతోలికులకు లేఖ రాసి, బాధితుల వేదనకు తన విచారాన్ని తెలిపారు. అది చాలదని షినేడ్ వాషింగ్టన్ పోస్టులో రాసింది. గాయని పాడిన పద్దెనిమిదేళ్ల తరువాత వచ్చిన ఆ లేఖను చదివినప్పుడు, పిల్లలకు నేను చెప్పిన మాటను వెనక్కి తీసుకునే దారి నాకు కనబడలేదు. వాళ్లందరూ అప్పటికే పెళ్లిళ్లు చేసుకొని తలా ఒక ఊరు వెళ్లిపోయారు.

నిర్వాహకురాలు: అయితే శ్రీసభ మీద వచ్చే ప్రతి పాటనూ తల వంచుకొని వినవలసిందేనా? నమ్మకాన్ని గేలి చేసే పాటలూ ఉన్నాయి.

సారు: ఉన్నాయి. బిల్లీ జోయెల్ 1977లో, ఒక కతోలిక యువతి శీలవ్రతాన్ని ఆటపట్టిస్తూ ఒక పాట చేశాడు. అతడు యూదు కుటుంబంలో పుట్టినవాడు, మన గుడి గడప లోపలి బాధ అతనిది కాదు. అది కుర్రతనపు కొంటె పాట, అంతే. న్యూజెర్సీలోని సెటన్ హాల్ అనే కతోలిక విశ్వవిద్యాలయపు రేడియో దానిని నిషేధించిన తరువాతనే ఆ పాటకు గిరాకీ పెరిగింది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తితే జరిగేది అదే. మన దగ్గర కూడా పోలీసు ఠాణాకు పరుగెత్తాలని కొందరు తొందరపడతారు, కాని ఫిర్యాదు రాసే పెద్దమనిషి పాటను ఒక్కసారైనా పూర్తిగా విన్నాడా అని నేను అడుగుతాను. దివ్యసత్ప్రసాదాన్ని, పూజలో మనం క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పాన్ని, వెక్కిరిస్తే నాకూ నొప్పి కలుగుతుంది, ఆ నొప్పిని మర్యాదగా చెప్పుకొనే హక్కు నాకుంది. అయితే నొప్పి కలిగిందన్న కారణంతో, దెబ్బలు తిన్న మనిషి ఏడుపును కూడా వెక్కిరింతల జాబితాలో కలిపివేయడం నాకు సమ్మతం కాదు.

నిర్వాహకురాలు: విమర్శను ఒప్పుకుంటే శత్రువులకు బలం ఇచ్చినట్లవుతుందని పెద్దలంటారు.

సారు: ప్రపంచ కతోలిక పీఠాధిపతులు (బిషప్పులు) కూడిన రెండవ వాటికన్ మహాసభ 1965లో, తనను వ్యతిరేకించినవారి వల్ల, హింసించినవారి వల్ల కూడా శ్రీసభ ఎంతో మేలు పొందిందని రాసుకున్నది. పెద్దలు ఆ వాక్యం దాకా చదవరు. ఇంకా వెనక్కి వెళ్తే, యెషయా గ్రంథం అయిదవ అధ్యాయం చూడమ్మా. ప్రవక్త ద్రాక్షతోట మీద ప్రేమగీతం ఎత్తుకుంటాడు, జనం తలలూపుతూ వింటారు, చివరికి వచ్చేసరికి ఆ తోట మీరేనని, న్యాయం కోసం చూస్తే రక్తపాతం కనబడిందని అంటాడు. హీబ్రూలో ఆ రెండు మాటలు, మిష్పాత్, మిస్పాహ్, చెవికి దాదాపు ఒకేలా వినిపిస్తాయి. నేను సాహిత్యం చెప్పుకొని బతికినవాణ్ణి కనుక ఆ శ్లేష దగ్గర ఆగిపోతాను. దొరను పాటతోనే నిలదీసిన నేల మనది, పాట అడిగిన ప్రశ్న మనకు కొత్తగా ఉండకూడదు.

నిర్వాహకురాలు: మన ప్రాంతంలో గుడిని ప్రశ్నించిన పాట ఏదైనా మీరు విన్నారా?

సారు: విన్నాను, విని ఊరుకున్నాను కూడా. మన వైపే ఒక ఊరిలో, గుడి పండుగనాడు, ఒక మాదిగ యువకుడు డప్పు కొడుతూ, పూజలో ఒకే పాత్రలోని క్రీస్తు రక్తం తాగినవాళ్లకు సమాధుల తోటలో కులానికొకటిగా రెండు గేట్లు ఎందుకని పాడాడు. రెండో చరణం మొదలు కాగానే మైకు ఆగిపోయింది. తీసినవాళ్లు నా పక్కనే కూర్చున్నారు, నేను నోరు మెదపలేదు. విచారణ గురువు మాత్రం మరుసటి ఆదివారం అతనిని విచారణ సంఘం ముందుకు పిలిపించి, పాట మొత్తం పాడించారు. ఆ గదిలో ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మరుసటి ఏడు మరియమాత తేరు మోసినవాళ్లలో మాదిగవాడ పిల్లలు కూడా ఉన్నారు. గేట్లు మాత్రం రెండూ అలాగే ఉన్నాయి. శ్రీసభలో కులవివక్ష ఉందని భారత కతోలిక పీఠాధిపతులే 2016లో తమ దళిత సాధికారత విధానంలో ఒప్పుకున్నారు. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు దళితులలో మొట్టమొదటి కార్డినల్, అంటే పోప్‌ను ఎన్నుకునే పెద్దలలో ఒకరు, అయినప్పుడు నేను సంతోషంతో ఆ యువకుడికి ఫోను చేశాను. అతనూ సంతోషించి, “సారూ, ఇప్పుడైనా రెండో గేటు తీసేస్తారా?” అని అడిగాడు. పండుగ హడావుడిలో ఉన్నానని చెప్పి ఫోను పెట్టేశాను.

నిర్వాహకురాలు: షినేడ్ పాటను మీరు చివరికి విన్నారా?

సారు: 2023 జులైలో ఆమె చనిపోయినట్లు వార్త చదివిన రాత్రి, మా మనవరాలి ఫోనులో మొదటి నుండి చివరి దాకా విన్నాను. ఫొటో చింపే దగ్గర మాత్రం తల పక్కకు తిప్పుకున్నాను. మనవరాలు ఆపమంటారా తాతయ్యా అని అడిగితే, వద్దు, పాట వినపడనివ్వు అన్నాను.