థాయ్‌లాండ్‌లో రిసెప్షన్ చౌకంట! ఏ సంవత్సరం లెక్కండీ అది?

"హైదరాబాద్‌లో రిసెప్షన్‌కి పెట్టే డబ్బుతో ఫుకెట్‌లో బీచ్ పక్కన చేసేయొచ్చు." ఈ మాట మీరు వినే ఉంటారు. రీల్స్‌లో విన్నారు, ఈవెంట్ ప్లానర్ నోట విన్నారు, మీ మేనల్లుడు ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన తెల్ల పందిరి, నీలం సముద్రం వీడియో కింద చదివారు. నేను ఒక్కటే అడుగుతున్నా. ఏ సంవత్సరం లెక్క అది?

2024 మధ్యలో ఒక థాయ్ బాత్ మనకి సుమారు 2 రూపాయల 30 పైసలు. 2025 డిసెంబర్‌కి 2 రూపాయల 80 పైసలు దాటింది. యాభై పైసలే కదా అంటారా? కాగితం, పెన్ను తీసుకోండి. రిసార్ట్ వాళ్లు రెండు రోజులకి 25 లక్షల బాత్ అన్నారనుకుందాం. పాత రేటుకి అది 57 లక్షల 50 వేలు. కొత్త రేటుకి 70 లక్షలు. పన్నెండున్నర లక్షలు ఎక్కువ! దానికి ఒక్క పూలదండ అదనంగా వచ్చిందా? ఒక్క స్వీటు పెరిగిందా? సన్నాయి వాళ్లు ఇంకో అరగంట వాయించారా? ఏమీ లేదు. అదే పందిరి, అదే సముద్రం, అదే కొబ్బరిబోండాం. మీ జేబు మాత్రం వేరు.

అందుకే గట్టిగా చెబుతున్నా, కోపం వచ్చినా సరే వినండి. రూపాయల్లో జీతం తీసుకుంటూ బాత్‌లో రిసెప్షన్ బుక్ చేసేవాడు పందెం కాస్తున్నాడు. సంక్రాంతికి భీమవరం వెళ్లి కోడి మీద కాసేవాడికి కనీసం కోడి కళ్లముందు కనిపిస్తుంది. దాని కాళ్లు చూస్తాడు, రంగు చూస్తాడు, కుక్కుట శాస్త్రం తిరగేస్తాడు. మీరు కాసిన పందెం బ్యాంకాక్‌లో, న్యూయార్క్‌లో, ముంబైలో జరుగుతుంది. మీకు కనిపించను కూడా కనిపించదు.

ఇది ఎలా జరుగుతుందో చాలామందికి తెలియదు. కొటేషన్ చూసిన రోజు గూగుల్‌లో రేటు కొట్టి, గుణించి, "ఆ, మన బడ్జెట్‌లోనే ఉంది" అనుకుంటారు. కానీ ఆ రోజు మీరు కట్టేది టోకెన్ అడ్వాన్స్ మాత్రమే. మధ్యలో ఒక వాయిదా ఉంటుంది. పెద్ద మొత్తం పెళ్లికి నెల ముందు కట్టాలి. ఆ పెద్ద మొత్తానికి ఆ రోజు రేటే వర్తిస్తుంది. బుక్ చేసిన రోజుకీ ఆ రోజుకీ మధ్య ఎనిమిది తొమ్మిది నెలలు ఉంటాయి. ఈలోగా శుభలేఖలు అచ్చయిపోతాయి, టికెట్లు కొనేసి ఉంటారు, వియ్యంకుడికి మాట ఇచ్చేసి ఉంటారు. వెనక్కి రాలేరు. రేటు పెరిగితే నోరు మూసుకుని కట్టడమే.

ఇంకో విషయం చెబితే నవ్వాలో ఏడవాలో తెలియదు. బాత్ ఎందుకు బలపడింది? 2025లో డాలర్ నీరసపడటం ఒక కారణం. రెండో కారణం బంగారం. థాయ్‌లాండ్‌లో బంగారం వ్యాపారం చాలా పెద్దది. ధర పెరిగినప్పుడల్లా అక్కడి వ్యాపారులు అమ్ముతారు, డాలర్లు వస్తాయి, వాటిని బాత్‌లోకి మారుస్తారు, బాత్ ఇంకా పైకి పోతుంది. అక్కడి సెంట్రల్ బ్యాంకే దీనిమీద తల పట్టుకుంది. మన దగ్గర ఏమైంది? 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష దాటింది, దీపావళి నాటికి లక్షా ముప్పై వేలు దాటింది. అంటే బంగారం పెరిగితే మీకు నల్లపూసల దగ్గర ఒక దెబ్బ, ఫుకెట్ హోటల్ బిల్లు దగ్గర ఇంకో దెబ్బ. ఒకే బంగారం, రెండు చెంపలూ వాయించింది! ఈ ముక్క ఏ ప్లానర్ అయినా మీకు చెప్పాడా?

చెప్పడు. ఇంకోటి కూడా చెప్పడు. థాయ్ హోటల్ కొటేషన్ తీసి అంకె పక్కన చూడండి. చిన్నగా రెండు ప్లస్ గుర్తులు ఉంటాయి. డిజైన్ అనుకుంటారు మనవాళ్లు. మొదటి ప్లస్ 10 శాతం సర్వీస్ ఛార్జీ. రెండో ప్లస్ 7 శాతం వ్యాట్. ఆ వ్యాట్ కూడా సర్వీస్ ఛార్జీ కలిపిన మొత్తం మీద వేస్తారు. మొత్తం 17.7 శాతం. ప్లేటు వెయ్యి బాత్ అని రాసి ఉంటే మీరు కట్టేది 1,177. వంద మందికి, నాలుగు పూటలకి ఆ 177 ఎంత అవుతుందో మీరే లెక్కేసుకోండి. నాకు బీపీ వస్తోంది.

తర్వాత డబ్బు పంపే రోజు వస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఉన్న నిబంధన ప్రకారం, ఒక ఆర్థిక సంవత్సరంలో మీ అకౌంట్ నుంచి విదేశాలకు ఇలాంటి ఖర్చుకి 10 లక్షలు దాటి పంపితే, దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే పన్ను, పట్టుకుంటుంది. హోటల్‌కి నేరుగా 40 లక్షలు పంపారనుకోండి, 6 లక్షలు పక్కకి పోతాయి. మీ ఇన్‌కమ్ ట్యాక్స్‌లో సర్దుకుంటారు, మిగిలింది రిటర్న్ వేశాక తిరిగొస్తుంది, నిజమే. కానీ ఎప్పుడు? పెళ్లయి, హనీమూన్ అయి, ఆషాఢం కూడా అయిపోయాక! పెళ్లి వారం ముందు డెకరేటర్ బ్యాలెన్స్ అడుగుతుంటే, "ఉండు బాబూ, రీఫండ్ వస్తుంది" అంటే ఊరుకుంటాడా? పోనీ కార్డు గీకితే కరెన్సీ మార్చినందుకు మార్కప్ అని రెండు నుంచి మూడున్నర శాతం, దాని మీద మళ్లీ జీఎస్టీ.

ఇప్పుడు అసలు మోసం దగ్గరికి వద్దాం. "హైదరాబాద్ కంటే చౌక" అనే పోలికలోనే కిటుకు ఉంది. హైదరాబాద్ అంటే ఎనిమిది వందల మంది. ఫుకెట్ అంటే వంద మంది. ఎనిమిది వందల మంది ఖర్చునీ వంద మంది ఖర్చునీ పక్కపక్కన పెట్టి, చూశారా చౌక అంటారు! అదే వంద మందితో హైదరాబాద్‌లో చేయండి. పెద్ద స్టార్ హోటల్‌లోనే పెట్టుకోండి. ప్లేటు 3,500 అనుకుందాం, 18 శాతం జీఎస్టీతో కలిపి 4 లక్షల 13 వేలు. డెకరేషన్, గదులు, మేళం, ఫోటోగ్రాఫర్, మీకు నచ్చినంత కలుపుకోండి. ఫుకెట్ లెక్కలో సగానికైనా చేరుతుందేమో చూడండి. మిగిలింది జనం తగ్గడం వల్ల, పేరు మాత్రం సముద్రానికి! ఊళ్లో వాళ్లని పిలవకుండా తప్పించుకోవడానికి విమానం ఎక్కుతున్నారు, అది ఒప్పుకోండి చాలు. "మా బాబాయి వాళ్లని పిలవకపోతే బాగోదు" అనే మొహమాటం తప్పించుకోవడానికి నలభై లక్షలు అదనంగా ఖర్చు పెట్టే జాతి మనది.

2023 నవంబర్‌లో ప్రధాని మోదీ రేడియోలో అడిగారు గుర్తుందా, విదేశాల్లో పెళ్లిళ్లు అవసరమా, ఇక్కడే చేసుకోవచ్చు కదా అని. అప్పుడు సోషల్ మీడియా రెండుగా చీలిపోయింది. మా డబ్బు మా ఇష్టం అని ఒక వర్గం, దేశభక్తి అని ఇంకో వర్గం. నాకు ఆ గొడవ వద్దు. నేను మీ జేబు గురించే మాట్లాడుతున్నా.

దుబాయ్ సంగతేంటి అంటారు. దిర్హామ్‌ని 1997 నుంచి డాలర్‌కి 3.6725 దగ్గర కట్టేశారు. కాబట్టి దుబాయ్‌లో హాల్ తీసుకోవడమంటే డాలర్లలో తీసుకోవడమే. బాలీ కాస్త నయం, రూపాయితో పాటు రుపియా కూడా నీరసంగానే ఉంది. శ్రీలంక 2022లో కరెన్సీ కుప్పకూలినప్పుడు మనకి చాలా చౌకయింది. కానీ ఆ రోజుల్లో అక్కడ డీజిల్ కోసం క్యూలు, కరెంటు కోతలు. చౌకగా ఉందని జనరేటర్‌కి డీజిల్ దొరకని ఊళ్లో రిసెప్షన్ పెడతారా?

కాబట్టి నా సిద్ధాంతం ఇది, నచ్చకపోతే కామెంట్లలో తిట్టండి. జీతం ఏ కరెన్సీలో వస్తే హాల్ ఆ కరెన్సీలోనో, దానికంటే బలహీనమైన కరెన్సీలోనో తీసుకోవాలి. పైకి ఎక్కకూడదు.

"అయితే మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, మాకు మంచిదేగా?" మంచిదే. 2025 మే మొదట్లో 84 దగ్గర తిరిగిన డాలర్, డిసెంబర్‌లో 90 దాటింది. అబ్బాయి 20 వేల డాలర్లు పంపితే మేలో 16 లక్షల 80 వేలు, డిసెంబర్‌లో 18 లక్షలు. లక్షా ఇరవై వేలు ఊరికే వచ్చాయి. అన్నట్టు, పంపే డబ్బు మీద అమెరికా వేసిన 1 శాతం పన్ను గురించి టెన్షన్ పడొద్దు. నగదు, మనీ ఆర్డర్ లాంటివి ఇచ్చి పంపేవాళ్లకే అది, బ్యాంకు అకౌంట్ నుంచి పంపేవాళ్లకి కాదు.

కానీ ఆ లక్షా ఇరవై మీ చేతిలో మిగులుతుందా? మా పెదనాన్నగారితో కలిసి శంషాబాద్ వైపు ఒక కన్వెన్షన్ హాల్‌కి వెళ్లాను. మేనేజర్ డైరీ తెరిచాడు, తేదీ రాసుకున్నాడు, మనుషులు ఎంతమంది అని అడిగాడు, రేటు కూడా రాయబోతున్నాడు. మధ్యలో మామూలుగా అడిగినట్టు, "అబ్బాయిగారు ఏం చేస్తుంటారు సార్?" అన్నాడు. నేను పెదనాన్నగారి కాలు తొక్కేలోపే ఆయన ఛాతీ విప్పార్చి, "డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్" అనేశారు. పెన్ను ఆగింది. డైరీ మూసుకుంది. సొరుగులోంచి నున్నటి కాగితం మీద రంగుల్లో అచ్చేసిన బ్రోచర్ ఒకటి బయటికొచ్చింది. "మీలాంటి వాళ్లకి ప్రీమియం ప్యాకేజీ ఉంది సార్." టీ కూడా వచ్చింది, యాలకులు వేసి మరీ. ఆ టీ ఎంత ఖరీదైందో తర్వాత లెక్కేస్తే, డాలర్ పెరిగి వచ్చిన లాభం కంటే ఎక్కువే తేలింది!

అందుకే హాల్‌కి వెళ్తే అబ్బాయి డల్లాస్ సంగతి ఎత్తొద్దు. "ప్రైవేటు ఉద్యోగం" అనండి, అబద్ధం కాదు కదా. బేరం ఆడాల్సింది హాల్ అద్దె ఒక్కదాని మీదే కాదు. మినిమం గ్యారంటీ ఎన్ని ప్లేట్లు? బయటి క్యాటరింగ్ వాళ్లని తెచ్చుకుంటే రాయల్టీ ఎంత? కరెంటు యూనిట్ లెక్కా, జనరేటర్ గంట లెక్కా? జీఎస్టీ కలిపి చెప్పారా, విడిగానా? ఇవి కాగితం మీద రాయించుకోండి. "మొత్తం క్యాష్ ఇవ్వండి సార్, తగ్గిస్తాం" అంటే జాగ్రత్త. ఒక వేడుకకి సంబంధించి ఒకరి దగ్గర 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం చట్టం ఒప్పుకోదు. తీసుకున్నవాడికి అంతే మొత్తం పెనాల్టీ. పైగా రసీదు లేకపోతే రేపు అడ్వాన్స్ వెనక్కి ఎలా అడుగుతారు?

ఇక ఎవరూ పట్టించుకోని విషయం. 2025 నవంబర్ 26న మొదలైన శుక్ర మూఢం 2026 ఫిబ్రవరి 17 దాకా నడిచింది. ఆ రోజుల్లో డాలర్ 90 దాటింది, పిల్లలు సెలవులకి ఇంటికొచ్చారు, కానీ ముహూర్తాలు లేవు. హాళ్లు ఖాళీ! కార్తీకంలో గుళ్లోనో ఇంటిముందు పందిట్లోనో పెళ్లి అయిపోయిన జంటలు ఎంతోమంది ఉన్నారు అప్పుడు. రిసెప్షన్ ఆ రోజుల్లో పెట్టుకోండి అంటే పెద్దవాళ్లు, "మూఢంలోనా!" అని గుండెలు బాదుకున్నారు. అమ్మా, అత్తా, ఒక్క నిమిషం. రిసెప్షన్‌లో జీలకర్ర బెల్లం ఉందా? తలంబ్రాలు ఉన్నాయా? మూడు ముళ్లు ఉన్నాయా? ఉన్నవి బిర్యానీ, స్టేజీ, ఫోటో కోసం లైను, కవర్లు అందుకునే బావమరిది. దానికి శుక్రుడి అనుమతి ఎందుకు?

ఇప్పటికే ఫుకెట్ బుక్ చేసేశాం అనేవాళ్లు భయపడొద్దు, కానీ ఊరికే కూర్చోవద్దు. చివరి వాయిదా తేదీ చూసుకోండి. రేటు కాస్త దిగినప్పుడల్లా కొంచెం కొంచెం బాత్ కొని ఫారెక్స్ కార్డులో వేసుకోండి, అంతా ఒకే రోజు మార్చొద్దు. గదుల సంఖ్య ఎప్పటివరకు తగ్గించుకోవచ్చో ఇవాళే మెయిల్ పెట్టి అడగండి. వస్తామన్న వందమందిలో పాతికమంది టికెట్ రేటు చూసి జ్వరం తెచ్చుకుంటారు, ఆ గదుల అద్దె మీ నెత్తినే పడుతుంది.

ఇంకా బుక్ చేయనివాళ్లు మాత్రం రేపు పొద్దున్నే మీ పక్కనున్న హాల్‌కి ఫోన్ చేసి, వచ్చే మూఢంలో తేదీ అడిగి, రేటు ఎంత దిగుతుందో కామెంట్లలో రాయండి. పేర్లు రాయొద్దు, అంకెలు చాలు. మూఢం దాటాక అదే నంబర్‌కి ఫోన్ చేస్తే ఎత్తే నాథుడే ఉండడు.