డెన్మార్క్ సేంద్రియ సాగు: ఎర్ర ముద్ర నుంచి బడి వంటగది దాకా

అందరికీ నమస్కారం.

డెన్మార్క్‌లో సేంద్రియ సాగు ఎలా పెరిగిందో చెప్పమన్నారు. పొలం దగ్గర కాకుండా పాల డబ్బా దగ్గర మొదలుపెడతాను. అక్కడ సేంద్రియ పాల డబ్బా మీద చిన్న ఎర్ర ముద్ర ఉంటుంది. సున్నాకు అడ్డంగా గీత గీసినట్టుండే డేనిష్ అక్షరం, దాని నెత్తిన కిరీటం. ఇది ప్రభుత్వం తనిఖీ చేసిన సేంద్రియ సరుకు అని దాని అర్థం. పొలాలను ప్రభుత్వ అధికారులే వచ్చి చూస్తారు. అందుకు రైతు ఫీజు కట్టక్కర్లేదు. కొనేవాడి అనుమానం తీర్చే బరువు రైతు నెత్తిన పడకపోవడం చాలా పెద్ద విషయమని నేను గట్టిగా నమ్ముతాను.

1986లో డెన్మార్క్ ఉత్తర తీరంలోని గిలెలై రేవు జాలర్ల వలల్లో చచ్చిన లాబ్‌స్టర్లు (రొయ్యల జాతి సముద్ర జీవులు) పడ్డాయి. దేశమంతా టీవీలో చూసింది. పొలాల్లో వేసిన ఎరువుల నుంచి కొట్టుకొచ్చిన నత్రజనితో సముద్రంలో నాచు విపరీతంగా పెరిగి, కుళ్లి, నీటిలో ఆక్సిజన్ లేకుండా పోయింది. ఆ కలవరం చల్లారకముందే, 1987లో, పార్లమెంటు సేంద్రియ సాగుకు చట్టం చేసింది. రసాయనాలు మానేసిన పొలం సేంద్రియ పొలంగా లెక్కలోకి రావడానికి రెండేళ్లు పడుతుంది. ఆ రెండేళ్లూ కష్టం సేంద్రియ రైతుది, రేటు మామూలు రైతుది. అందుకే మారే రైతుకు ఆ చట్టం ఆర్థిక సాయం కూడా పెట్టింది.

1993లో సూపర్‌బ్రుగ్సన్ అనే సహకార సూపర్‌మార్కెట్లు సేంద్రియ సరుకుల ధర బాగా తగ్గించాయి. సేంద్రియ పాలకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది.

నాకు బాగా నచ్చింది మాత్రం కోపెన్‌హేగన్ నగరం చేసిన పని. బడులు, శిశు సంరక్షణ కేంద్రాలు, వృద్ధాశ్రమాల వంటగదుల్లో వాడే సరుకుల్లో 90 శాతం సేంద్రియం కావాలని లక్ష్యం పెట్టుకుని, 2015 నాటికి దాదాపు చేరుకున్నారు. సరుకుల బడ్జెట్ పెంచలేదు. మరి డబ్బెక్కడిది? వంట పద్ధతే మార్చారు. మాంసం తగ్గించి పప్పుదినుసులు పెంచారు. తొక్క తీసి ప్యాకెట్లలో వచ్చే దుంపలు మానేసి, మట్టి అంటిన దుంపలు తెప్పించి అక్కడే కడిగి, తరిగి వండారు. ఏ కాలంలో పండే కూర ఆ కాలంలోనే కొన్నారు. మిగిలిన రొట్టెను పారేయకుండా మళ్లీ వంటలో వాడారు. ఇవన్నీ నేర్పడానికి 2007లోనే నగరం ఒక సంస్థ పెట్టింది. వంటవాళ్ల పక్కనే నిలబడి నేర్పారు, వాళ్ల పనికి గౌరవం పెరిగింది.

నేడు డెన్మార్క్ సాగుభూమిలో సేంద్రియం సుమారు 11 శాతమే. మిగతా భూమిలో ఎక్కువ భాగం ఇంకా పందులకూ పశువులకూ మేత పండిస్తోంది. అయినా రోజూ మధ్యాహ్నం ఎన్ని పళ్లేలు కావాలో ముందే తెలిసిన వంటగది ఉంటే, ఆ పక్క ఊరి రైతు ఎంత క్యారెట్ వేయాలో ధైర్యంగా లెక్క వేసుకోగలడు.