ఏటిగట్టు మీద కుక్కతో దూరపు నడక: ఏ సామాను కొనాలి, ఏది వద్దు

నమస్కారమండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి ఎడమ గట్టు ఎక్కి, జొన్నాడ, కపిలేశ్వరపురం, కోటిపల్లి మీదుగా యానాం దాకా కుక్కతో నడవాలంటే ఏం కొనాలి, ఏం కొనక్కర్లేదు అన్నదే ఈ వీడియో. రోజుకి 12 నుంచి 15 కిలోమీటర్లు, అదీ పొద్దున్న సగం, సాయంత్రం సగం. లెక్కలన్నీ 20 కిలోల నాటు కుక్కకి చెబుతున్నాం. మీ కుక్క బరువుని బట్టి మార్చుకోండి. కంపెనీల పేర్లు చెప్పట్లేదు, ఎందుకంటే ఇక్కడ కంపెనీ కంటే రకం ముఖ్యం.

ఆన్‌లైన్‌లో దొరికే డాగ్ హైకింగ్ సామానులో చాలా భాగం చలి కొండల్ని దృష్టిలో పెట్టుకుని చేసింది. అమెరికాలో అప్పలాచియన్ ట్రైల్ అని సుమారు 3,500 కిలోమీటర్ల కాలిబాట ఉంది. అలాంటి చోట రాళ్లు గీసుకోకుండా, చలి కొట్టకుండా చూసే సామాను కావాలి. మన గట్టు మీద కుక్కని పడగొట్టేవి వేరు. ఉక్కపోత ఒకటి, ఎప్పటికీ ఆరని తడి ఒకటి, ఊరూరా ఎదురయ్యే కుక్కలు ఒకటి. అందుకే ప్రతి వస్తువునీ, అది ఎంతసేపట్లో ఆరుతుంది, కుక్క ఒంటికి గాలి తగలనిస్తుందా, అవసరమైతే దాన్ని పట్టుకుని కుక్కని పైకి లాగొచ్చా అని చూశాం.

హార్నెస్‌తో, అంటే కుక్క రొమ్ముకీ వీపుకీ తొడిగే పట్టీలతో మొదలుపెడదాం. డబ్బు పెట్టాల్సింది దీని మీదే.

మెడ పట్టీకి లీష్, అంటే మనం చేత్తో పట్టుకునే తాడు, తగిలించి దూరం నడవకూడదు. లాగినప్పుడల్లా గొంతు నొక్కుకుంటుంది, కుక్క ఒగర్చడానికి ఇబ్బంది. కుక్కకి ఒళ్లు చల్లబడేదే ఒగర్పు వల్ల. మెడ పట్టీ ఉండాలి, కానీ పేరూ ఫోన్ నంబరూ ఉన్న బిళ్ల కోసం.

హార్నెస్‌లో ఎదురు రొమ్ము మీద ఇంగ్లీషు వై అక్షరంలా వచ్చేది తీసుకోండి. భుజాలకి అడ్డంగా ఒకే పట్టీ వచ్చే రకం చూడ్డానికి బాగుంటుంది, తొడగడం తేలిక, కానీ ముందు కాలు సాగినప్పుడల్లా ఆ పట్టీకి తగులుతుంది. రెండు కిలోమీటర్ల షికారుకి తెలీదు. మూడో రోజుకి కుక్క అడుగు పొట్టిదైపోతుంది. పొట్ట కింద వచ్చే పట్టీ చంకకి కనీసం 4 వేళ్లు వెనక ఉండాలి. పట్టీకీ ఒంటికీ మధ్య 2 వేళ్లు దూరాలి, 3 దూరితే వదులు.

ఇక్కడ చూడండి, నడుము దగ్గర ఇంకో పట్టీ ఉంది. ఇది ఉన్న రకమే కొనండి. ఊరకుక్కలు మీద పడినప్పుడు మన కుక్క ముందుకి పోదు, వెనక్కి జరుగుతుంది. మామూలు హార్నెస్ తల మీద నుంచి జారి ఊడొచ్చేస్తుంది. నడుము పట్టీ ఉంటే రాదు.

వీపు మీద చేతి పిడి కూడా ఉండాల్సిందే. సిమెంటు లైనింగ్ చేసిన కాలవలో కుక్క పడితే ఈదుతుంది గానీ ఎక్కలేదు. నాచు పట్టిన ఏటవాలు మీద గోళ్లు ఆగవు, కాసేపటికి అలిసిపోతుంది. అప్పుడు మీరు రేవు మెట్ల దాకా దాన్ని ఒడ్డు వెంట నడిపించుకెళ్లి పిడి పట్టుకుని లాగాలి. లాకుల దగ్గర నీటి లాగుడు ఎక్కువ, అక్కడ లీష్ పొట్టిగా పట్టుకోండి. పిడి కుట్టు గట్టిదో కాదో కొన్నరోజే ఇంట్లో చూసుకోవాలి. హార్నెస్‌లో 20 కిలోల బియ్యం బస్తా బిగించి, పిడితో ఎత్తి, నిమిషం పాటు ఆపండి. కుట్టు పురి విడిపోతుంటే వెనక్కి పంపేయండి.

ఇంక లోపలి మెత్త. మందంగా స్పాంజి ఉన్న హార్నెస్ షాపులో మెత్తగా ఉంటుంది. ఇక్కడ అది పనికిరాదు. బకెట్ నీళ్లలో ముంచి, 10 నిమిషాలు వేలాడదీసి, పెట్టెలు తూచే చిన్న త్రాసుతో తూచండి. పొడి బరువు కంటే 200 గ్రాములు పెరిగితే వద్దు. మన గాలిలో తేమకి అది తెల్లారేసరికి కూడా ఆరదు. తడి మెత్త చంక దగ్గర రాపాడి ముందు వెంట్రుక పోతుంది, తరవాత చర్మం ఎర్రబడుతుంది, ఆపైన బూజు తెగులు. హవాయి చెప్పుల అడుగులా నీళ్లు పీల్చని ఫోమ్ ఉన్నది మంచిది. ఒక గుడ్డతో తుడిస్తే అయిపోతుంది.

లీష్ సంగతి. నూలు తాడు బురద తాగుతుంది, బరువెక్కుతుంది, వాసన. నైలాన్ గట్టిదే గానీ కుక్క ఒక్కసారి లాగితే అరచెయ్యి కోసుకుపోతుంది. బయోథేన్ అనే, ప్లాస్టిక్ పూత ఉన్న పట్టా ఇక్కడ అన్నిటికంటే మేలు. నీళ్లలో ముంచి తీస్తే బురద పోయింది. ఒకటే ఇబ్బంది, నున్నటి రకం తడి చేతిలో జారుతుంది, గరుకు పట్టు ఉన్నది అడగండి. పొడవు 2 మీటర్లు చాలు. స్ప్రింగుతో లోపలికి చుట్టుకుపోయే లీష్ వద్దు. ఇసక పడితే ఇరుక్కుంటుంది, సన్నటి దారం కాలికి చుట్టుకుంటే కోస్తుంది. నడుముకి కట్టుకునే బెల్టు కాలవ గట్టు మీద ప్రమాదం. కొంగనో ఉడుమునో చూసి కుక్క దూకితే మీరూ నీళ్లలోకే. ఒక్క లాగుతో విడిపోయే బకిల్ ఉంటేనే, అదీ వెడల్పు గట్టు మీదే వాడండి.

కొక్కెం ఇత్తడిదో స్టెయిన్‌లెస్‌దో అయ్యుండాలి. అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటే అది పూత వేసిన ఇనుము. యానాం వైపు ఉప్పు గాలికి తుప్పు పట్టి, లోపలి స్ప్రింగ్ బిగుసుకుపోతుంది. అది తెరుచుకోకపోయినా కష్టమే, మూసుకోకపోయినా కష్టమే.

ఇప్పుడు చాలామంది కొనని వస్తువు. చిక్కం. ఎడ్లకి నూర్పిళ్లప్పుడు మూతికి కట్టే చిక్కం లాంటిదే, కుక్కకి బుట్ట ఆకారంలో దొరుకుతుంది. గట్టు మీద దీని అవసరం కుక్క కరుస్తుందని కాదు, ఏదో ఒకటి తినేస్తుందని. వరి చేలల్లో ఎలుకలకి జింక్ ఫాస్ఫైడ్ ఎర పెడతారు. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు. నూనె కలిసిన నూకలంటే కుక్క ఆగదు. పొట్టలో ఆమ్లానికి అది విషవాయువవుతుంది. కుక్క కక్కితే ఆ గాలి మనం పీల్చినా ప్రమాదమే, కాబట్టి ఆరుబయట, గాలి మన వైపు నుంచి కుక్క వైపు వీచేలా నిలబడి చూడాలి. అన్నం, పాలు పెట్టకుండా వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బ్రోమాడయోలోన్ అనే ఇంకో రకం ఇంకా మోసం. తిన్న రోజు ఏమీ తెలీదు, 3 నుంచి 5 రోజులకి లోపల రక్తస్రావం మొదలవుతుంది. దీనికి విటమిన్ కే1 విరుగుడు ఉంది. తిన్నట్టు అనుమానం ఉంటే లక్షణాల కోసం ఆగకండి, అదే రోజు వెళ్లండి. దొరికితే ఎర పొట్లం కాగితం కూడా పట్టుకెళ్లండి, ఏ మందో దాన్ని బట్టే చికిత్స.

బుట్ట చిక్కం పెట్టుకుని కుక్క నోరు పూర్తిగా తెరిచి ఒగర్చగలగాలి, నీళ్లు తాగగలగాలి. కొలత అదే. నోరు మూసి కట్టే గుడ్డ మజిల్ మాత్రం నడకలో ఎప్పుడూ వేయొద్దు, గంటలో వడదెబ్బ కొడుతుంది. బుట్ట అలవాటవ్వడానికి 2 వారాలు పడుతుంది. ముందు బుట్టలో పెరుగన్నం పెట్టి తనే మూతి దూర్చేలా చేయండి, బకిల్ తరవాత. చేల మధ్య నుంచి వెళ్లేప్పుడూ, ఏరు దాటించే పంటు ఎక్కేప్పుడూ వేయండి, తోటల నీడలో ఆగినప్పుడు తీసేయండి.

కుక్క వీపు మీద వేసే సంచి గురించి ఎక్కువ అడుగుతారు. మా తీర్పు, ఇక్కడ అక్కర్లేదు. రెండు పక్కలా డొక్కల్ని కప్పేస్తుంది, గాలి ఆడదు. వేయాలనే ఉంటే సంచితో కలిపి ఒంటి బరువులో పదో వంతు, అంటే 2 కిలోలు దాటకూడదు, రెండు వైపులా సమానంగా తూచి పెట్టాలి. మొదటి వారం ఖాళీ సంచి. ఏడాదిన్నర నిండని కుక్కకి అసలు వద్దు, ఎముకల చివళ్లు ఇంకా ముదరవు. నీళ్ల దగ్గరికి వెళ్లేప్పుడు విప్పేయాలి.

బూట్లు కూడా అంతే. కుక్కకి చెమట పట్టేది పాదాలకే, బూటులో అది ఆరదు. ఒండ్రు బురదలో అడుగేస్తే బూటు అక్కడే ఉండిపోతుంది, కాలు పైకొస్తుంది. ఒక్క జత మాత్రం సంచిలో ఉంచండి, పాదం కోసుకుపోయిన రోజుకి. ముందు పాదాలు వెనక వాటికంటే వెడల్పు, కొలత వేరువేరుగా తీసుకోండి, కుక్క బరువు మోపి నిలబడ్డప్పుడు. రోజూ చేయాల్సింది పాదాలు కడగడం. ఒండ్రు వేళ్ల మధ్య ఆరి ఉండలు కట్టి రాయిలా గుచ్చుతుంది. ఆగిన ప్రతిచోటా కడిగి, వేళ్ల సందులు పొడి గుడ్డతో తుడవండి. పల్లేరు కాయలూ తుమ్మ ముళ్లూ తీయడానికి పట్టకారు జేబులోనే ఉండాలి, సంచి అడుగున కాదు.

నీళ్లు. ఇంట్లో ఉన్నప్పుడే 20 కిలోల కుక్క రోజుకి లీటరు పైన తాగుతుంది. నడక రోజున రెండున్నర లీటర్లు దానికోసం విడిగా మోయండి. అరగంటకోసారి 150 మిల్లీలీటర్లు. మడిచే సిలికాన్ గిన్నె ఏదైనా పర్లేదు. పంట బోదెలో, చేలో నిలవ నీళ్లు తాగనివ్వొద్దు. పురుగుమందులతో పాటు ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, అది మనుషులకీ అంటుకుంటుంది. బయల్దేరే ముందు రేబిస్, లెప్టో టీకాలు గడువులో ఉన్నాయో లేదో చూసుకోండి. రొయ్యల చెరువు గట్ల మీదకి వెళ్లొద్దు, ఏరేటర్ల కరెంటు తీగలు నేల మీదే ఉంటాయి. యానాం దగ్గర పోటుకి ఏరు ఉప్పన, అది తాగితే విరేచనాలే. కొబ్బరినీళ్లు ఒక గుక్క పట్టొచ్చు, మంచినీళ్లకి బదులుగా కాదు. హోటల్ పలావు పెట్టకండి, ఉల్లిపాయ కుక్కలకి విషం. తిండి పెట్టాక 2 గంటలు ఆగి నడవండి.

డిజిటల్ థర్మామీటరు తప్పకుండా పెట్టుకోండి. కుక్కకి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. నడుస్తుంటే కొంచెం పెరుగుతుంది. 104 దాటితే నడక ఆపేయాలి. నాలుక వెడల్పై ముదురు ఎరుపెక్కడం, చిక్కటి చొంగ, కాళ్లు తడబడటం కనిపిస్తే కొలిచేదాకా కూడా ఆగొద్దు. నీడలోకి తీసుకెళ్లి ఒళ్లంతా నీళ్లు పోసి, తువ్వాలుతో విసరండి. తడి తువ్వాలు కప్పి ఉంచితే వేడి లోపలే ఉండిపోతుంది. చల్లబరుస్తూనే బండి పిలవండి. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి చెబుతారు. తారు రోడ్డు మీద మీ చేతి వెనక భాగం 7 సెకన్లు ఆనించలేకపోతే కుక్కని దించొద్దు. డిసెంబరు, జనవరిలో కూడా 9:30కి ఆగి, 4 తరవాతే మళ్లీ బయల్దేరాలి.

ఆ నెలల్లో గట్టు మీదా రోడ్ల మీదా ధాన్యం ఆరబోసి ఉంటుంది. అది ఒకరి ఏడాది కష్టం. లీష్ చేతికి చుట్టుకుని, పక్క నుంచి వెళ్లండి, చోటు లేకపోతే కుక్కని ఎత్తుకోండి. సంక్రాంతి మూడు రోజులు నడక పెట్టుకోవద్దు. పందెం కోళ్లు, జనం, టపాకాయలు, కుక్క బెదిరిపోతుంది.

ఊరకుక్కల కోసం గొడుగు తీసుకెళ్లండి. నీడకి నీడ, మీదకొస్తే వాటి ముఖం ముందు టప్పున తెరిస్తే ఆగిపోతాయి. కర్ర ఎత్తితే ఇంకా రెచ్చిపోతాయి. పరుగెత్తొద్దు, మీ కుక్కని గట్టు అంచు వైపు కాకుండా లోపలి వైపు ఉంచి, నిదానంగా ఊరు దాటండి.

కోటిపల్లిలో పంటు దాటి ముక్తేశ్వరం వైపు వెళ్లాలనుకుంటే, మోటారు సైకిళ్లు ఎక్కాక చివరన ఎక్కండి. వేడి సైలెన్సర్లకి దూరంగా, పిడి పట్టుకుని నిలబడండి. యానాం వైపే పోతే అక్కడితో ఆపేయండి. ఆపైన కోరింగ అభయారణ్యం, అందులోకి కుక్కని తీసుకెళ్లకూడదు. అంతర్వేది వైపు ఇసక తీరంలో చలికాలం ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి, కుక్క తవ్వేస్తుంది. లీష్ విప్పొద్దు.

ఇక రాత్రి పని. నడకకి ముందే డాక్టరు చెప్పిన గోమార్ల మాత్ర వేసి ఉండాలి. కానీ ఆ మాత్ర గోమారి కరిచాకే దాన్ని చంపుతుంది, కాబట్టి వెతకడం తప్పదు. చెవి మడతల్లో, మెడ పట్టీ కింద, చంకల్లో, వేళ్ల సందుల్లో, తోక కింద. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. పట్టకారుతో చర్మానికి ఆనించి, తల దగ్గర పట్టుకుని, తిప్పకుండా నిటారుగా లాగండి. ఆ రోజు తారీఖు ఫోన్‌లో రాసిపెట్టుకోండి. తరవాత మూడు వారాల్లో కుక్క తిండి మానేసినా, జ్వరం వచ్చినా, చిగుళ్లు తెల్లబడినా, ఆ తారీఖు డాక్టరుకి చెప్పి రక్తపరీక్ష అడగండి.