దొంగ కోసం పెట్టిన కంప్యూటర్

తిరుపతి కేంద్రం శ్రోతలందరికీ నమస్కారం.

మన చిత్తూరు మామిడి రైతులకు లింగాకర్షక బుట్టల గురించి వేరే చెప్పక్కర్లేదు. పండు ఈగలు వాసనకు వచ్చి అందులో పడతాయి. ఎన్ని పడ్డాయో చూస్తే తోటలో ఈగ ఉధృతి తెలిసిపోతుంది. కంప్యూటర్ నెట్‌వర్కుల్లోనూ ఇలాంటి ఎర పెడతారు. దాన్ని హనీపాట్ అంటారు.

చూడటానికి అది మామూలు సర్వరే, అంటే నెట్‌వర్కులో అందరికీ ఫైళ్లు అందించే కంప్యూటరే. ఫైళ్లుంటాయి, లాగిన్ అడుగుతుంది. కానీ ఆఫీసులో ఎవరికీ దాంతో పనుండదు. కాబట్టి దాని జోలికి ఎవరొచ్చినా అనుమానించాల్సిందే. అసలు సర్వర్‌కి రోజూ వేలమంది వచ్చిపోతుంటే వాళ్లలో దొంగను పోల్చుకోవడం ఎంత కష్టం! ఈ ఎర బలమంతా అక్కడే ఉందంటాను.

1986లో అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టాల్ అనే ఖగోళ శాస్త్రవేత్తకు కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడా కనిపించింది. ముప్పావు డాలరేగా అని ఆయన వదిలేయలేదు. కూపీ లాగితే, ఎవరో లోపలికి చొరబడి అక్కణ్ణించి సైనిక కంప్యూటర్లలోకి పోతున్నట్టు తేలింది. జాడ జర్మనీ దాకా వెళ్లింది. దొంగ ఫోన్ లైను మీదుగా వచ్చేవాడు. అక్కడి పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కాల్ ఎక్కణ్ణించి వస్తోందో వెతకాలంటే చాలాసేపు పట్టేది. వాడేమో కాసేపటికే లైను వదిలేసేవాడు. అప్పుడు స్టాల్, క్షిపణి రక్షణ ప్రాజెక్టు పేరుతో బోలెడు ఉత్తుత్తి ఫైళ్లు తయారుచేసి పెట్టాడు. వాడు ఆశపడి గంటకు పైగా వాటికే అతుక్కుపోయాడు. ఈలోగా లైను హానోవర్ నగరంలో దొరికింది. సోవియట్ గూఢచార సంస్థ కేజీబీకి సమాచారం అమ్ముతున్న ముఠా బయటపడింది.

ఇప్పుడు ఎర పెట్టడానికి కౌరీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. లోపలికొచ్చినవాడు కొట్టిన ప్రతి కమాండునూ అది రాసి పెడుతుంది, వాడు దింపిన ఫైలును దాచిపెడుతుంది. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: ఆ యంత్రాన్ని మిగతా నెట్‌వర్క్‌కి దూరంగా కట్టడి చేయాలి. లేదంటే దొంగ దాన్నే మెట్టుగా వాడుకుంటాడు.

ఈ రికార్డులు తెరిస్తే మనుషుల కంటే, పాస్‌వర్డ్ ఊహించి కొట్టి చూసే ప్రోగ్రాములే ఎక్కువ కనిపిస్తాయి. యూజర్ నేమ్ రూట్, పాస్‌వర్డ్ 123456. యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మినే. రాత్రీ పగలూ ఇదే వరస. 2016లో మిరాయ్ అనే వైరస్ తయారీలోనే పెట్టి పంపే దాదాపు 60 ఫ్యాక్టరీ పాస్‌వర్డులతోనే ప్రపంచమంతటా లక్షల కెమెరాలను, ఇంటర్నెట్ అందించే రౌటర్లను ఆక్రమించింది.

తిరుపతిలో లాడ్జీ పెట్టుకున్నా, కొట్టు నడుపుకుంటున్నా సీసీ కెమెరా లేనిచోటు అరుదు. అయ్యా, అమ్మా, ఒక్కసారి చూసుకోండి. కెమెరా దృశ్యాలు రికార్డు చేసే మీ డీవీఆర్ పెట్టెకు, కొన్నప్పుడు వచ్చిన పాస్‌వర్డే ఇంకా ఉంటే, కెమెరాలు బిగించిన కుర్రాణ్ణే పిలిచి ఈరోజే మార్పించండి. రౌటర్‌ది కూడా పనిలో పనిగా మార్పించేయండి. నమస్కారం.