ఆ కన్నాలు మూయకండి బాబూ

అధ్యక్షులు మాస్టారికి, సెక్రటరీ గారికి, వెనక నిలబడ్డ కుర్రాళ్ళకి నమస్కారం. పెద్దలందరినీ పేరుపేరునా తలుచుకోవాలి గానీ, భోజనాలు వచ్చేశాయని వాసనే చెబుతోంది. ఒక్క నమస్కారంతో సరిపెడుతున్నాను, ఏమనుకోకండి.

సముద్రం వైపు సిటౌట్లకి అల్యూమినియం కిటికీలు వేయించి సన్‌రూమ్ చేసుకుందామని మీలో చాలామంది అనుకుంటున్నారట. మంచిదే. మన విశాఖలో తూర్పు ఎండ పొద్దున్నే హాయిగా ఉంటుంది. ఎలా బిగించాలి, ఏ రంగు బాగుంటుంది అన్నవి చెప్పమన్నారు. చెబుతాను. కానీ ముందు నా గోడు వినాలి. వాన పడిన మర్నాడు నాకు వచ్చే ఫోన్లన్నిట్లో ఒకటే మాట: "మేస్త్రీ, నీ కిటికీ కారుతోంది!"

నా కిటికీ కారడం లేదమ్మా. దాని నోరు మీరే నొక్కేశారు.

ఇదిగో, స్లైడింగ్ కిటికీ కింది ట్రాక్‌లోంచి జానెడు ముక్క కోసుకొచ్చాను. రెండు కొసలూ మూసేశాను. బయటి అంచున ఈ సన్నటి కన్నాలు చూశారా? ముందు వరసలో ఉన్న పాపా, ఆ గ్లాసులో నీళ్ళు పొయ్యమ్మా. చూడండి, బయటికి కారిపోతున్నాయి. ఇప్పుడు కన్నాల మీద వేలు పెడుతున్నాను. మళ్ళీ పొయ్యి. ఎటు వచ్చాయి? లోపలి అంచు దాటి నా చొక్కా మీదికి. మీ హాల్లో జరిగేది ఇదే.

స్లైడింగ్ కిటికీ అంటే వాన చుక్క లోపలికి రాకుండా బిగించేది కాదు. ట్రాక్‌లోకి నీళ్ళు వస్తాయి, రావాలి కూడా. వచ్చినవి వచ్చినట్టు బయటికి పోవాలి, అంతే. మరి ఆ కన్నాలు ఎవరు మూస్తారు? చీమలు వస్తున్నాయని ఇంటావిడ సబ్బు ముక్క కుక్కుతారు. తాపీ మేస్త్రీ సిమెంటు పూస్తాడు. ఇక పెయింటరు సంగతి చెప్పనే అక్కర్లేదు, పుట్టీ పట్టిన చేత్తోనే సందులు పూడ్చే సిలికాన్ జిగురు తుపాకీ పట్టుకుని కనబడ్డ కన్నమల్లా మూసి, "లీకేజీ బంద్ సార్" అని డబ్బులు పుచ్చుకుని పోతాడు. తిట్లు మాత్రం నాకు!

సరే, పనిలోకి వస్తాను. హుద్‌హుద్ తుఫాను రోజు ఇక్కడున్నవాళ్ళు చేతులెత్తండి. 2014 అక్టోబర్ 12. ఓహో, సగం మంది పైనే. ఆ లెక్కన చూసుకోండి. కట్టడాల లెక్కల్లో మన ఊరికి తీసుకునే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలి ఎదురుగా కొడితే చదరపు మీటరు అద్దం మీద దాదాపు 150 కిలోల తోపుడు. అప్పుడు కన్నాలున్నా నీళ్ళు వస్తాయి, అబద్ధం ఆడను. నేను చెప్పేది ఏటా వచ్చే మామూలు వానల గురించి. కానీ ఫ్రేము మాత్రం ఆ తోపుడికి నిలబడాలి. సిటౌట్ పిట్టగోడ మీద గ్రానైట్ పలకకి ఒట్టి సిలికాన్‌తో అంటించి పోయేవాళ్ళని చూశాను. అది బిగింపు కాదు, గమ్ముతో స్టాంపు అంటించడం. స్క్రూ ప్లాస్టరింగ్ దాటి లోపల కాంక్రీటుని పట్టుకోవాలి. వేసేది స్టెయిన్‌లెస్ స్టీలే వేయమనండి. ఉప్పుగాలిలో మామూలు ఇనుప స్క్రూ అల్యూమినియానికి తగిలి ఉంటే, స్క్రూ తుప్పు పట్టడమే కాదు, దాని చుట్టూ అల్యూమినియం కూడా తెల్లటి పొడిగా రాలుతుంది.

ఆ గ్రానైట్ పలక కూడా బయటికి వాలుగా ఉండాలి. లోపలికి వాలితే నేనే కాదు, ఎవరొచ్చినా ఏమీ చెయ్యలేరు.

కొలతలు తీసేవాడు టేపు ఒక్కసారి పట్టి లేచిపోతే నమ్మకండి. వెడల్పు పైనా మధ్యా కిందా కొలవాలి. మూల నుంచి మూలకి రెండు వైపులా చూడాలి. ఫ్రేముకి చుట్టూ 5 మిల్లీమీటర్ల సందు వదలాలి. రెండు మీటర్ల అల్యూమినియం, 40 డిగ్రీలు వేడెక్కితే, 2 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. సందు లేకపోతే ఎక్కడికి సాగుతుంది పాపం? ఆ సందులో సిలికాన్ వెయ్యండి, వద్దనను. వెనిగర్ వాసన కొట్టేది మాత్రం వద్దు, అది సిమెంటుకి సరిగా పట్టుకోదు. న్యూట్రల్ అని అడగండి. అద్దం టఫెన్డ్, అంటే వేడిచేసి గట్టిపరిచినది, తీసుకోండి. కొలత ఖాయమయ్యాకే ఆర్డరివ్వండి, ఒకసారి టఫెన్ చేశాక దాన్ని కొయ్యడం కుదరదు.

రంగు సంగతి... ఏదైనా వేసుకోండి బాబూ. బాల్కనీ మూసే ముందు ప్లాన్‌లో ఒప్పుకుంటారో లేదో సెక్రటరీ గారు కనుక్కుంటారు, అది నా పని కాదు.

ఇప్పటికే కిటికీలున్నవాళ్ళకి ఒక్క మాట. భోజనం అయ్యాక ఇంటికెళ్ళి ట్రాక్‌లో చెంబుడు నీళ్ళు పొయ్యండి. బయటికి పోతే సరే. పోకపోతే, సాయంత్రం దాకా కింద వాచ్‌మన్ గది దగ్గరే ఉంటాను, డ్రిల్లు తెచ్చుకున్నాను. డబ్బులేమీ వద్దు. ఆ పెయింటరు ఎవరో చెప్పండి, చాలు.